సముద్రం చూడాలంటే... సీమకు వెళ్లాలి!

వరుసగా రెండ్రోజులు సెలవొస్తే చాలు, సగం ఊరు సముద్రం దారి పడుతుంది. విశాఖ, సూర్యలంక, మైపాడు... కాస్త ఓపికుంటే చెన్నై, పుదుచ్చేరి. స్నేహితులో బంధువులో అక్కడ ఉంటే ఇక చెప్పేదేముంది! మరి కర్నూలు, కడప? తిరుపతి వెళ్లే రైల్లో మంచి నిద్రలో ఉండగా దాటిపోయే స్టేషన్లు. 'అక్కడేముంది, రాళ్లూ ఎండా తప్ప' అనేవాళ్లే ఎక్కువ.

నిజమే, రాళ్లే. కానీ ఆ రాళ్లన్నీ ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నవి. నెల్లూరు తీరానికి పడమరగా, కర్నూలు నుంచి కడప మీదుగా చంద్రవంక ఆకారంలో పరుచుకున్న దాదాపు 44 వేల చదరపు కిలోమీటర్ల నేలను భూగర్భ శాస్త్రవేత్తలు 'కడప బేసిన్' అంటారు. వందకోట్ల ఏళ్లకు పూర్వం అదంతా లోతులేని సముద్రం. చేపలు పుట్టకముందు, చెట్టు మొలవకముందు నాటి సంగతి. ఆ నీళ్లలో పొరలు పొరలుగా దిగిన సున్నపు బురద గట్టిపడి సున్నపురాయి అయింది. ఇసుక గట్టిపడి ఎర్రటి కొండలైంది.

నమ్మబుద్ధి కావడం లేదా? వంటింట్లోకి వెళ్లి పొయ్యిగట్టు మీద నల్లబండను ఓసారి నిమిరి చూడండి. తెలుగువాళ్ల ఇళ్లలో తరతరాలుగా సర్దుకుపోయిన కడప బండ ఆ సముద్రపు ముక్కే!

ఈ రాళ్ల వరుసల్ని విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లోనే పుస్తకంగా రాశాడు. ఏ ఊరి దగ్గర ఏ రాయి బాగా కనబడితే దానికి ఆ ఊరి పేరే పెట్టారు. నార్జి సున్నపురాయి, పాణ్యం క్వార్ట్‌జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, అవుకు షేల్, వేంపల్లె, తాడిపత్రి, గండికోట... ఆర్టీసీ బస్సు బోర్డులా ఉంది కదూ! ప్రపంచంలో ఏ మూల విశ్వవిద్యాలయంలో కడప బేసిన్ గురించి పాఠం చెప్పినా ఈ పేర్లు పలకాల్సిందే.

ఇక వింతేమిటంటే, సముద్రం వెళ్లిపోయాక కూడా ఇక్కడ చూడదగ్గవన్నీ నీరు చెక్కినవే. ఏడాదంతా కలిపి ఆరేడు వందల మిల్లీమీటర్ల వానకోసం మొగులుకేసి చూసే సీమలో... గుహలు తొలిచింది నీరు, లోయ కోసింది నీరు, గుడి దగ్గర కోనేరు నింపింది నీరు. ఆ నీటి వెంటే రెండ్రోజులు తిరిగొస్తే ఎలా ఉంటుంది?

బడిలోనో కాలేజీలోనో ఆఫీసులోనో సీమ స్నేహితుడు లేనివాళ్లు అరుదు. 'ఎప్పుడైనా మా ఊరికి రాండప్పా' అని వాళ్లు పదేళ్లుగా పిలుస్తూనే ఉంటారు. ఈసారి నిజంగానే వస్తున్నామని ఫోన్ చేయండి.

గోడ మీద గీత

హైదరాబాద్‌లో శుక్రవారం రాత్రి బయల్దేరితే తెల్లారేసరికి కర్నూలు. ఊరి పాతపేరు కందనవోలు. అలంపురం గుడికి రాళ్లు తోలుకెళ్లే బళ్లు తుంగభద్ర దాటేముందు ఇక్కడాగి ఇరుసులకు కందెన వేసుకునేవనీ, ఆ కందెన నుంచే పేరొచ్చిందనీ చెబుతారు. అంటే ఊరి పేరులోనే ఏరు దాటే ప్రయాణం ఉందన్నమాట.

కొండారెడ్డి బురుజు గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 2003లో వచ్చిన 'ఒక్కడు' సినిమా పుణ్యమా అని రాష్ట్రం మొత్తానికీ తెలిసిపోయింది. విజయనగర రాజుల కాలపు కోటలో మిగిలిన ముక్క అది. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు చివరిదాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు ఇదేనని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచిచోటు లేదు.

స్నేహితుల ఇంట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తయారుగా ఉంటాయి. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పప్పులపొడి చల్లిన ఉగ్గాని రుచి కర్నూలు దాటితే రాదు. తింటూ తింటూ వరద మాటెత్తండి. పాతబస్తీలో నది దగ్గరి ఇళ్లవాళ్లయితే లేచి గోడ దగ్గరికి తీసుకెళ్లి చెయ్యెత్తి చూపిస్తారు... 'ఇంతవరకూ వచ్చినాయి నీళ్లు' అని. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలును ముంచేశాయి. కరవు జిల్లాగా పేరుపడ్డ చోట జనం మిద్దెలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. సీమకు నీటితో ఉన్న సంబంధం ఇదీ! రాకపోతే అసలు రాదు, వస్తే ఆపతరం కాదు.

ఆ నీటిని దారిలో పెట్టాలని నూటయాభై ఏళ్ల క్రితమే ఒక ప్రయత్నం జరిగింది. అదే కర్నూలు-కడప కాలువ. జనం నోట కేసీ కెనాల్. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, దాదాపు మూడొందల కిలోమీటర్ల కాలువను 1860ల్లో తవ్వించింది ఒక ఇంగ్లీషు ప్రైవేటు కంపెనీ. పొలాలకు నీళ్లు, పడవలకు దారి... రెండిందాలా లాభం వస్తుందని వాళ్ల లెక్క. లెక్క తప్పింది, కంపెనీ నష్టపోయింది. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. పడవల సంగతి ఎప్పుడో మర్చిపోయినా, కాలువ కింద ఇప్పటికీ వరి పండుతోంది. కర్నూలు నుంచి కడపకు పడవలో సరుకు వెళ్లేదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారేమో!

కొండలోంచి కోనేట్లోకి

నంద్యాల రోడ్డెక్కితే ఇరవై కిలోమీటర్లకే ఓర్వకల్లు. రోడ్డుపక్కనే వింత ఆకారాల రాతిగుట్టలు, మధ్యలో నీటి మడుగు. పర్యాటక శాఖ దీన్ని రాక్ గార్డెన్‌గా తీర్చిదిద్దింది. అరగంట ఆగితే చాలు. కెమెరాలకు బోలెడంత పని.

అక్కణ్నుంచి బనగానపల్లె. ఆ పేరు వినగానే నోరూరుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి మామిడికి పుట్టినిల్లు. 1948 దాకా నవాబుల ఏలుబడిలో ఉన్న చిన్న సంస్థానం కూడా ఇదే. భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో మాత్రం ఈ ఊరు మరో కారణంతో కనబడుతుంది. ఇక్కడి గులకరాళ్ల పొరలో వజ్రాలుండేవి. పైన మామిడి, కింద వజ్రం!

ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో కొండల నడుమ యాగంటి. ఇక్కడి ఉమామహేశ్వరుణ్ని చూడ్డానికి వచ్చేవాళ్లంతా ముందు బసవన్న చుట్టూ తిరుగుతారు. నంది ఏటేటా పెరుగుతోందనీ, కలియుగాంతంలో లేచి రంకె వేస్తుందనీ భక్తుల నమ్మకం. వీరబ్రహ్మంగారి కాలజ్ఞానంలో ఉందని పెద్దలు చెబుతారు. యాగంటిలో కాకి కనబడదన్నది మరో ముచ్చట. అగస్త్యుడి శాపమట.

నమ్మకాల సంగతలా ఉంచి కోనేటి మెట్ల మీద కాసేపు కూర్చోండి. చుట్టూ కొండలు ఎండకు మాడుతుంటాయి. కోనేట్లోకి మాత్రం నంది నోట్లోంచి నీరు పడుతూనే ఉంటుంది. పైన కురిసిన వాన రాతి పగుళ్లలోకి ఇంకి, కొండ లోపల దాగి, ఇక్కడ మెల్లగా బయటికొస్తోంది. వానలు లేని నెలల్లోనూ ధార ఆగకపోవడానికి కారణం అదే. కొండే ట్యాంకు, రాతి పగుళ్లే పైపులు. ఇక్కడ గుడి ఎందుకు కట్టారో వేరే చెప్పాలా!

పాతాళంలో ఓ గంట

మధ్యాహ్నం మూడు దాటకముందే బెలుం చేరుకోవాలి. సాయంత్రం అయిదుకల్లా మూసేస్తారు. కొలిమిగుండ్ల వైపు దారి పొడవునా నాపరాళ్ల దొంతరలు, వాటిని మోసుకెళ్లే లారీలు. ఎటుచూసినా చదునైన పొలాలు. ఇక్కడ గుహలేమిటన్న అనుమానం టిక్కెట్టు కొనేవరకూ వదలదు. బెలుం గుహల ప్రత్యేకతే అది. కొండ ఎక్కక్కర్లేదు... పొలంలో బావిలాంటి గుంతలోకి మెట్లు దిగాలి.

తెలిసినంతవరకూ ఈ గుహల పొడవు 3,229 మీటర్లు. అందులో దాదాపు కిలోమీటరున్నర దూరం పర్యాటకుల్ని అనుమతిస్తున్నారు. ఎలా ఏర్పడ్డాయంటే... వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పలచటి ఆమ్లంగా మారుతుంది. అది సున్నపురాయి పగుళ్లలోకి దిగి, చక్కెరను టీ కరిగించినట్టు లక్షల ఏళ్లపాటు రాతిని కరిగించింది. ఒకప్పుడు చిత్రావతి నీరే భూగర్భంలో పారి ఈ సొరంగాల్ని తొలిచిందని చెబుతారు. గోడల మీద చెయ్యి పెట్టకుండా చూడండి. ప్రవాహం ఒరుసుకుపోయిన గుర్తులు ఇప్పటికీ నున్నగా మెరుస్తుంటాయి.

సింహద్వారం, కోటిలింగాలు, వేయి పడగలు, ఊడలమర్రి... ఒక్కో గదికి ఒక్కో పేరు. సప్తస్వరాల గుహలో ఊడల్లాంటి రాళ్లను తడితే లోహం మోగినట్టు మోగుతాయి. అన్నిటికన్నా లోతైనది పాతాళగంగ. భూమట్టానికి 46 మీటర్ల దిగువన సన్నటి నీటిపాయ ఎక్కణ్నుంచో వచ్చి, చూస్తుండగానే రాతి కిందికి మాయమవుతుంది. పైన బోర్లు ఎండిపోయే రోజుల్లో ఇక్కడ నీటి చప్పుడు వినబడుతుంటే ఒళ్లు జలదరిస్తుంది.

1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ గుహల గురించి రాశాడు. ఆ తర్వాత వందేళ్లు ఎవరికీ పట్టలేదు. 1982-83లో గెబావర్ నాయకత్వంలో జర్మన్ల బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. అప్పటికి ఈ బిలం చుట్టుపక్కల వాళ్లకు చెత్త పారబోసుకునే గొయ్యి! కొందరు స్థానికులు, అధికారులు పట్టుబట్టి శుభ్రం చేయించాక పర్యాటక శాఖ దీపాలు, దారులు, గాలి గొట్టాలు ఏర్పాటుచేసి 2002లో జనాన్ని అనుమతించింది. నీరు లక్షల ఏళ్లు కష్టపడి చేసినదాన్ని చెత్తకుండీ చేయడానికి నాలుగు తరాలు చాలాయి. మళ్లీ గుహ చేయడానికి నలుగురి పట్టుదల చాలింది.

అందుకే పిల్లలకు ముందే చెప్పండి. ఊడల్ని పట్టుకోవద్దని. అంగుళం పెరగడానికి వందల ఏళ్లు పట్టే ఆకృతులవి. చేతి జిడ్డు అంటుకుంటే ఆ కాస్త ఎదుగుదలా ఆగిపోతుంది.

ఏరు కోసిన కోట

ఎక్కడో కర్ణాటకలో పుట్టిన చిత్రావతి గండికోటకు ఎగువన పెన్నలో కలుస్తుంది. బెలుంలో చూసిన నీటి జాడనే పట్టుకుని అరవై కిలోమీటర్లు వస్తే, జమ్మలమడుగు దగ్గర ఆ పెన్న చేసిన మహాద్భుతం కనబడుతుంది. ఎర్రమల కొండల్ని నది నిలువునా కోసేసింది. అదే గండి. దాని అంచున కట్టింది గండికోట. మూడొందల అడుగుల దాకా లోతున్న లోయ కోటకు ఓ పక్క కందకం పని చేసింది. రాజులు మిగతా పక్కల గోడ కట్టుకుంటే సరిపోయింది.

శనివారం రాత్రి పర్యాటక శాఖ అతిథిగృహంలోనో గుడారాల్లోనో గడిపి, తెల్లవారుజామున చీకటుండగానే లోయ అంచుకు చేరాలి. సూర్యుడు ఎదుటి కొండమీదికి రాగానే రాళ్లు ముందు ఊదా, తర్వాత ఎరుపు, ఆనక బంగారు రంగు పులుముకుంటాయి. పలకలు పలకలుగా పేర్చినట్టున్న ఆ బండలు ఒకప్పుడు తీరంలో ఇసుక మేటలు. ఈ తరహా రాళ్ల మీద అలల గీతలు అచ్చు పడి ఉండటం మామూలే. వెతికితే దొరకొచ్చు, పిల్లల్ని పురమాయించండి. అంచు దగ్గర మాత్రం వాళ్ల చెయ్యి వదలొద్దు. ఫొటో మోజులో కాలుజారి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

కోటలో మాధవరాయస్వామి గుడి, రంగనాథాలయం, జామియా మసీదు, భారీ ధాన్యాగారం అన్నీ నడిచి చూసేంత దగ్గర్లోనే ఉన్నాయి. పెమ్మసాని నాయకుల తర్వాత కోట గోల్కొండ సేనాని మీర్‌జుమ్లా వశమైంది. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ అతణ్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. లోయ లోతు చూసి ఆశ్చర్యపోయినవాళ్లలో ఆయన మొదటివాడూ కాదు, మీరు చివరివాళ్లూ కారు.

లోయలో ఇప్పుడు కనబడే నిండుదనం వెనక మరో కథ ఉంది. దిగువన మైలవరం జలాశయం. ఎగువన గాలేరు-నగరి పథకంలో భాగంగా కట్టిన గండికోట జలాశయం. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు ఇక్కడిదాకా వస్తున్నాయి. దీనివల్ల వేల ఎకరాలు తడుస్తున్నాయి, ఊళ్లకు తాగునీరు అందుతోంది. ఆ నీళ్లకోసం కొండాపురం వైపు ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు వాసులు ఇళ్లు వదిలారు. పుట్టినిల్లు, పెళ్లి జరిగిన గుడి, పెద్దల సమాధులు... అన్నీ ఆ నీటి కిందే. తరాలుగా వానకోసం ఎదురుచూసిన రైతే చివరికి నీళ్లొస్తుంటే ఊరొదిలి లేచిపోవాల్సి వచ్చింది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు స్నేహితులుంటే వాళ్ల బంధువర్గంలో ఇలాంటి కుటుంబం ఒకటైనా తగలకపోదు. వాళ్లు చెబితే వినండి. జలాశయం అందాన్ని ఆ మాటలు విన్నాక చూడటం వేరు, వినకుండా చూడటం వేరు.

బావి తవ్వించిన బేగ్

మధ్యాహ్నానికి కడప. తిరుమలకు ఇది గడప కాబట్టే ఆ పేరొచ్చిందంటారు. స్నేహితుల ఇంట్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు... శాకాహారులైతే చెనిక్కాయల చట్నీ, పప్పు. సంగటి ముద్ద మధ్యలో గుంత చేసి నెయ్యి పోసేదాకా ఆగాలి. 'చాలు' అన్నాక కూడా ఇంకో ముద్ద పడుతుంది. వద్దంటే ఇంటావిడ నొచ్చుకుంటుంది!

ఊళ్లో చూడాల్సినవి మూడు. మొదటిది అమీన్ పీర్ పెద్ద దర్గా. మతంతో నిమిత్తం లేకుండా జనం వస్తారు. రెండోది దేవుని కడప. ఇక్కడి వేంకటేశ్వరుడి గుడికి ఉగాదినాడు ముస్లింలు వచ్చి మొక్కుకుంటారు. మూడోది బ్రౌన్ గ్రంథాలయం. 1820లో కడప వచ్చిన సి.పి.బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితుల్ని కూర్చోబెట్టి తాళపత్రాల్ని శుద్ధప్రతులుగా రాయించాడు. ఆ బంగళా స్థలంలోనే ఈ గ్రంథాలయం వెలిసింది. ఆదివారం తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోవడం మంచిది.

సాయంత్రానికి 25 కిలోమీటర్ల దూరంలోని ఒంటిమిట్ట చేరాలి. ఎత్తైన గోపురాలు, లోపల ఒకే శిలలో సీతారామలక్ష్మణులు. హనుమంతుడు కనబడడు. ఆయన రాముణ్ని కలవకముందే వెలసిన విగ్రహాలని స్థలపురాణం. రాష్ట్ర విభజన తర్వాత 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ లాంఛనాలతో శ్రీరామనవమి వేడుకలు జరుగుతున్నది ఇక్కడే. కల్యాణం మాత్రం రాత్రిపూట, వెన్నెల్లో చేస్తారు.

దర్శనం కాగానే తిరుగుముఖం పట్టకండి. గుడి దగ్గర ఇమాంబేగ్ బావి ఉంది. 1640 ప్రాంతంలో ఇమాంబేగ్ అనే అధికారి ఇక్కడికొచ్చి 'పిలిస్తే మీ దేవుడు పలుకుతాడా?' అని అడిగాడట. మనసారా పిలిస్తే పలుకుతాడన్నారు. మూడుసార్లు పిలిచాడు. లోపలి నుంచి 'ఓ' అని మూడుసార్లు బదులొచ్చిందట. ఆ తర్వాత అతను గుడి అవసరాలకోసం బావి తవ్వించాడు. సీమలో మొక్కు తీర్చుకోవడమంటే బంగారు కిరీటమే చేయించాలని లేదు... ఓ బావి తవ్వించినా నాలుగొందల ఏళ్లు పేరు నిలుస్తుంది.

వెళ్లాలనుకుంటే...

* నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. మామిడిపళ్ల ఆశతో మే నెలలో వెళ్తే ఎండతో వేగలేరు.

* హైదరాబాద్ నుంచి కర్నూలు సుమారు 215 కిలోమీటర్లు. రైళ్లూ బస్సులూ పుష్కలం. ఓర్వకల్లులో 2021లో ప్రారంభమైన విమానాశ్రయం కూడా ఉంది. కర్నూలులో కారు మాట్లాడుకుని కడపలో వదిలేస్తే రెండ్రోజుల్లో అన్నీ చూడొచ్చు. ఆదివారం రాత్రి కడపలో హైదరాబాద్ రైలెక్కితే సోమవారం పొద్దుటికి ఇల్లు చేరొచ్చు.

* 2022లో జిల్లాల విభజన తర్వాత యాగంటి, బెలుం నంద్యాల జిల్లాలోకి, గండికోట కడప జిల్లాలోనే ఉన్నాయి. మ్యాపులో వెతికేటప్పుడు గుర్తుంచుకోండి.

* బెలుంలో ఉక్కపోత ఎక్కువ. నూలు బట్టలు, జారని చెప్పులు వేసుకోవాలి. ఆయాసం ఉన్నవాళ్లు పాతాళగంగ దాకా దిగకపోవడమే మేలు.

* సెలవురోజుల్లో గండికోటలో గదులు దొరకడం కష్టం. ముందే మాట్లాడుకోవాలి.

* మంచినీళ్లు వెంట ఉంచుకోండి. ఖాళీ సీసాలు మాత్రం లోయలోకి విసరకండి. ఆ నీళ్లు ఎవరో తాగుతారు. వాటికోసం ఇంకెవరో ఊరొదులుకున్నారు.